సులువుగా చెప్పాలి, సగం చెప్పకూడదు



ఈ పత్రికలో మేము మామూలుగా ఒక జబ్బు గురించో, ఒక మందు గురించో వ్రాస్తుంటాము. ఈసారి జబ్బు గురించి కాక మాట గురించి వ్రాస్తున్నాము. ఆసుపత్రిలో ఒకరు మరొకరికి పని అప్పగించేటప్పుడు చెప్పే మాట గురించి. డాక్టరు గారు సిస్టరుకు చెబుతారు. పగటి సిస్టరు రాత్రి సిస్టరుకు చెబుతుంది. సిస్టరు ఆయమ్మకు, వార్డు బాయ్‌కు చెబుతుంది. చివరికి ఆ మాట మీ ఇంటికి వస్తుంది. ఇంట్లో రోగిని చూసుకునే కోడలు, కొడుకు, భార్య, భర్త అందరూ మా తోటి పనివారే. మేము రోజుకు ఎనిమిది గంటలు చూస్తే మీరు రాత్రింబవళ్ళు చూస్తారు. అందుకే ఈ పాఠం మాకెంత అవసరమో మీకూ అంతే అవసరం.

ఇరవై గీతలు

కొన్నేళ్ళ క్రితం ఒకరోజు మధ్యాహ్నం, పాతబస్తీలోనే ఉండే అరవై ఏళ్ళ తల్లిని ఆటోలో మా క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. స్పృహ లేదు. ఒళ్ళంతా చల్లని చెమట, బట్టలు తడిసిపోయాయి. పక్షవాతం వచ్చిందేమోనని ఇంటివారు ఏడుస్తున్నారు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే షుగరు 32 ఉంది. వెంటనే నరం ద్వారా గ్లూకోజు ఎక్కించాము. కొద్ది నిమిషాల్లో ఆమె కళ్ళు తెరిచి, “నేనెక్కడున్నాను?” అని అడిగింది. ఇన్సులిన్ ప్రభావం ఒంట్లో ఇంకా ఉంటుంది కనుక మరునాటి వరకు వార్డులో ఉంచి, గంట గంటకూ షుగరు చూశాము. దేవుని దయవల్ల క్షేమంగా ఇంటికి వెళ్ళింది.

ఆమె మాకు కొత్త మనిషి కాదు. అంతకు ఏడాది ముందు మా దగ్గరే ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఉదయం టిఫినుకు ముందు 20 యూనిట్లు. ఇంజెక్షన్ వేసేది కోడలు. “ఎక్కువ వేశారా అమ్మా?” అని అడిగితే ఆ అమ్మాయి చెప్పిన జవాబు మేము ఇప్పటికీ మరచిపోలేదు.

“సిస్టరమ్మా, మీరు నేర్పినట్టే 20 గీతల దాకా లాగాను. ఒక్క గీత కూడా ఎక్కువ లాగలేదు.”

ఆమె చెప్పింది నిజమే. సంచిలోంచి సీసా తీసి చూపించింది. అప్పుడు అర్థమైంది. జెడ్డాలో పనిచేసే కొడుకు సెలవుకు వస్తూ అమ్మ కోసం నాలుగు ఇన్సులిన్ సీసాలు తెచ్చాడు. మన దేశంలో మామూలుగా అమ్మే సీసాలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. గల్ఫ్ దేశాల్లో అమ్మేది 100 యూనిట్లది. కోడలు ఆ 100 సీసాలోంచి, మేమిచ్చిన ఎర్ర మూత సిరంజీతో, మేము చెప్పిన 20 గీతలు లాగింది. ఆ సిరంజీలో 20 గీతలంటే అర మిల్లీలీటరు. 40 సీసాలోంచి తీస్తే అందులో 20 యూనిట్లు ఉంటాయి. 100 సీసాలోంచి తీస్తే 50 యూనిట్లు ఉంటాయి. అంటే అత్తగారికి ఆ ఉదయం రెండున్నర రెట్ల మందు పడింది.

ఆ అమ్మాయికి ఇన్సులిన్ నేర్పిన సిస్టరును పిలిచి అడిగాము. “మేడమ్, మీరు మాకు క్లాసులో చెప్పినట్టే చెప్పాను” అంది. అదీ నిజమే. యూనిట్లు, మిల్లీలీటర్లు, బలం అని చెబితే ఇంటివారు కంగారు పడతారు, గీతలు లెక్కపెట్టమని చెప్పండి చాలు అని ఏళ్ళ తరబడి మా సిస్టర్లకు నేర్పింది మేమే. సులువైన మాట దొరికిందని సంతోషపడ్డాము. ఆ మాటలో ఏమి వదిలిపెట్టామో చూసుకోలేదు. “ఈ సిరంజీ ఈ సీసాకే” అన్న ఒక్క మాట వదిలేశాము.

మూసీ ఒడ్డున ఒక పాత పాఠం

ఇలాంటి పొరపాటు మాతో మొదలుకాలేదు. మన ఊళ్ళోనే, ఇక్కడికి దగ్గరలోనే, వంద సంవత్సరాలకు పైగా క్రితం ఒక గొప్ప డాక్టరు గారి విషయంలోనూ జరిగింది. మా నర్సింగ్ విద్యార్థినులకు ఆ కథ చెబుతుంటాము. మీకూ చెబుతాము.

మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఒకప్పుడు నిజాం ప్రభుత్వ ఆసుపత్రి ఉండేది. 1908 మూసీ వరదల్లో అది దెబ్బతిన్నది. తరువాత ఏడవ నిజాం కాలంలో కట్టినదే ఉస్మానియా జనరల్ ఆసుపత్రి. పాత ఆసుపత్రి రోజుల్లో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ హైదరాబాదు మెడికల్ స్కూలుకు ప్రిన్సిపాలుగా ఉండేవారు. ఈ స్కూలు 1846లో ప్రారంభమైంది. తొలి దశాబ్దాల్లో అక్కడ వైద్య పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. ఇక్కడి పిల్లలకు తెలిసిన భాషలోనే అంత కష్టమైన శాస్త్రాన్ని నేర్పించారన్నమాట.

ఆ రోజుల్లో ఆపరేషనుకు ముందు క్లోరోఫాం అనే మత్తు మందును వాసన చూపేవారు. 1847లో ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు దానిని వాడుకలోకి తెచ్చారు. నొప్పి లేకుండా కోత కోయగలగడం ఆ కాలానికి పెద్ద వరం. కాని మరుసటి ఏడాదే, 1848లో, ఇంగ్లాండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇస్తే నిమిషాల్లో చనిపోయింది. అప్పటినుంచి డాక్టర్ల మధ్య వాదన మొదలైంది. క్లోరోఫాం చంపేది శ్వాసను ఆపియా, గుండెను ఆపియా?

లారీ గారు శ్వాసనే అనేవారు. ఎడిన్‌బరోలో తన గురువు సైమ్ గారి దగ్గర నేర్చుకున్నది అదే. విద్యార్థులకు ఆయన చెప్పిన సూత్రం చాలా సులువుగా ఉండేది: రోగి శ్వాసను చూడు, నాడి గురించి బెంగ పెట్టుకోవద్దు. దీనిని రుజువు చేయడానికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారి ప్రభుత్వ సహాయంతో 1888లో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ ఏర్పడింది. లండన్‌లోని లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆ ఫలితాన్ని నమ్మలేదు. అప్పుడు నిజాం ప్రభుత్వమే ఖర్చు పెట్టుకొని, ఆ పత్రిక తరపున లాడర్ బ్రంటన్ అనే పేరున్న డాక్టరు గారిని ఇక్కడికి రప్పించింది. 1889లో రెండవ కమిషన్ వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి, శ్వాసే ముందు ఆగుతుంది, గుండె తరువాతే ఆగుతుంది అని తేల్చింది. హైదరాబాదు పేరు ప్రపంచ వైద్య పత్రికల్లో మారుమోగింది.

ఆ స్కూల్లోనే 1885 నుంచి 1889 వరకు చదివిన రూపాబాయి ఫర్దూంజీ గారు మత్తు ఇవ్వడంలో ఆరితేరారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనని చెబుతారు. మన ఊరి ఆడవారు గర్వపడవలసిన విషయమిది.

లారీ గారి సూత్రంలో మొదటి సగం నేటికీ నిజమే. మత్తులో ఉన్న మనిషి శ్వాస మీద కన్ను తిప్పకూడదు. నాలుక వెనక్కి పడకుండా దవడను ముందుకు పట్టుకోవాలి. కాని రెండవ సగం నిలబడలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ అనే శాస్త్రవేత్త అసలు సంగతి చూపించారు. క్లోరోఫాం కొద్దిగానే ఎక్కి, మనిషి ఇంకా సగం మెలకువలో ఉన్నప్పుడు, ఒంట్లో ఊరే అడ్రినలిన్‌తో కలిసి అది గుండె లయను చెడగొట్టగలదు. అడ్రినలిన్ అంటే భయం, కంగారు కలిగినప్పుడు ఒంట్లో ఊరే రసం. అప్పుడు గుండె కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది. వణికే గుండె రక్తాన్ని నెట్టలేదు. శ్వాస బాగానే ఉంది కదా అనుకుంటుండగానే ప్రాణం పోవచ్చు. నాడి మీద చెయ్యి లేనివారికి ఆ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఈ రోజు మత్తుకు క్లోరోఫాం వాడరు. ఆపరేషను థియేటరులో శ్వాస, నాడి, బి.పి., రక్తంలో ఆక్సిజన్, గుండె గ్రాఫు అన్నీ కలిపి చూస్తారు. ఒకటి చూసి ఇంకొకటి వదలరు.

తప్పు ఎక్కడ జరిగింది?

లారీ గారు అజాగ్రత్త మనిషి కాదు. రోగుల మేలు కోరే అంత శ్రమపడ్డారు. సులువుగా చెప్పడమూ తప్పు కాదు. ఉర్దూలో పాఠం చెప్పిన గురువులూ సులువు చేశారు. అయితే వారు మార్చింది భాషను. లారీ గారి సూత్రం మాత్రం సులువు కావడం కోసం, చూడవలసిన రెండింటిలో ఒకదాన్ని వదిలేసింది.

మా “20 గీతలు” కూడా అంతే. నలభై సీసా, ఎర్ర మూత సిరంజీ ఉన్నంతకాలం ఆ మాట సరిగ్గా పనిచేసింది. ఏడాది పొడవునా పనిచేసింది కనుక అందరూ నమ్మారు. సీసా మారిన రోజున అదే మాట ప్రమాదమైంది. ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో చెప్పని మాట సగం మాటే.

ఇలాంటి సగం మాటలు ఆసుపత్రిలో చాలా ఉన్నాయి. ఆపరేషనుకు ముందు రోజు “రాత్రి నుంచి ఏమీ తినకండి” అంటాము. తెల్లవారి అడిగితే, “ఏమీ తినలేదు సిస్టర్, ఒక్క చాయ్ తాగాడు, రెండు ఉస్మానియా బిస్కెట్లు” అంటారు. వారి దృష్టిలో చాయ్ బిస్కెట్ తిండి కాదు. తప్పు వారిది కాదు, కారణం చెప్పని మాది. మత్తులో ఉన్నప్పుడు కడుపులో ఉన్నది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం అని చెబితే, పాలు కలిపిన చాయ్ ఎందుకు వద్దన్నారో ఎవరికైనా అర్థమవుతుంది. కారణం తెలిసిన మనిషి మనం చెప్పడం మరచిపోయిన చోట కూడా సరిగ్గా నడుచుకుంటాడు.

ఇప్పుడు మేము ఎలా చెబుతున్నాము

ఆ సంఘటన తరువాత మా వార్డుల్లో ఎవరు ఎవరికి పని నేర్పినా ఈ నాలుగు మెట్లు దాటాలని నిర్ణయించుకున్నాము.

1. కష్టమైన పదం తీసేయండి, ప్రమాదాన్ని తీసేయకండి. చెప్పే ముందు, “ఈ పనిలో మనిషికి హాని చేసేది ఏమిటి?” అని మనమే వేసుకోవాలి. దాని జవాబు మన మాటలో తప్పకుండా ఉండాలి. మిగతావి తగ్గించవచ్చు.

2. వస్తువు చేతికిచ్చి చెప్పండి. సీసా, సిరంజీ, ఆక్సిజన్ సిలిండరు, ఏదైనా సరే. కాగితం మీద చెప్పినది మరునాటికి మరచిపోతారు. చేత్తో చేసినది గుర్తుంటుంది.

3. “అర్థమైందా?” అని అడగకండి. అలా అడిగితే అందరూ “అయింది” అనే అంటారు. కొత్త సిస్టరు భయంతో అంటుంది, ఆయమ్మ మొహమాటంతో అంటుంది, ఇంటివారు గౌరవంతో అంటారు. దానికి బదులు, “మేము సరిగ్గా చెప్పామో లేదో తెలియడానికి మీరు ఒకసారి చేసి చూపించండమ్మా” అనాలి. తప్పు వస్తే మా చెప్పడంలో లోపం అనుకొని మళ్ళీ చెప్పాలి. విసుక్కోకూడదు.

4. ఏది మారితే ఆగి అడగాలో చెప్పండి. “సీసా రంగు మారినా, పేరు మారినా, అంకె మారినా, సిరంజీ మూత మారినా వేయకండి. ముందు మాకు చూపించండి.” ఈ ఒక్క వాక్యం ఆ రోజు చెప్పి ఉంటే ఆ తల్లి ఆటోలో వచ్చేది కాదు.

డ్యూటీ మారేటప్పుడు, రాత్రివేళ డాక్టరు గారికి ఫోను చేసేటప్పుడు మరొక పద్ధతి పాటిస్తాము. అమెరికా నౌకాదళంలో జలాంతర్గాముల సిబ్బంది వాడిన ఈ పద్ధతి తరువాత ఆసుపత్రుల్లోకి వచ్చింది. వరుసగా నాలుగు సంగతులు చెప్పాలి: ఇప్పుడు ఏమి జరుగుతోంది, ఈ రోగి పూర్వ పరిస్థితి ఏమిటి, మేము చూసినంతలో ఏమనిపిస్తోంది, మీ నుంచి ఏమి కావాలి. “సార్, పదో బెడ్ పేషెంటు బాగా లేదు” అంటే ఎవరికీ ఏమీ తెలియదు. “పదో బెడ్ పేషెంటుకు చెమటలు పడుతున్నాయి, షుగరు 50 ఉంది. సాయంత్రం ఇన్సులిన్ వేశాము, భోజనం చేయలేదు. షుగరు పడిపోయిందనుకుంటున్నాము. గ్లూకోజు మొదలుపెట్టాము, మీరు వెంటనే రావాలి” అంటే అర నిమిషంలో అంతా తెలుస్తుంది. డ్యూటీ మారేటప్పుడు సమాచారం జారిపోకుండా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2007లో రోగుల భద్రత కోసం ఇచ్చిన సూచనల్లో చేర్చింది.

ఇన్సులిన్ వాడేవారి ఇళ్ళలో గుర్తుంచుకోవలసినవి

ఒకప్పుడు బ్రిటన్‌లోనూ 20, 40, 80 అని రకరకాల బలాల ఇన్సులిన్ ఉండేది. తికమక పోవాలని 1983లో అన్నిటినీ 100కు మార్చారు. మన దేశంలో మాత్రం 40, 100 రెండూ దొరుకుతున్నాయి. అందుకే మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

• సీసా మీద 40 అని ఉంటే 40 సిరంజీ. దీనికి మన దేశంలో ఎర్ర మూత ఉంటుంది. సీసా మీద 100 అని ఉంటే 100 సిరంజీ. దీనికి నారింజ రంగు మూత ఉంటుంది. మూత రంగుతో పాటు సిరంజీ మీది అంకె కూడా చదవండి. సీసా అంకె, సిరంజీ అంకె ఒకటే కావాలి.

• తారుమారైతే రెండు విధాలా నష్టమే. 100 మందును 40 సిరంజీతో తీస్తే రెండున్నర రెట్లు పడి షుగరు పడిపోతుంది. 40 మందును 100 సిరంజీతో 20 అంకె దాకా తీస్తే పడేది 8 యూనిట్లే. షుగరు తగ్గదు, మందు పనిచేయడం లేదని అనుకుంటారు.

• గీతలు లెక్కపెట్టకండి, అంకె చూడండి. కొన్ని 100 సిరంజీల్లో ఒక్కొక్క గీత 2 యూనిట్లు.

• పెన్నులో వేసే కార్ట్రిడ్జిలో మామూలుగా ఉండేది 100 బలం మందు. దానిలోంచి సిరంజీతో మందు తీయకండి.

• విదేశాల నుంచి బంధువులు ప్రేమతో తెచ్చిన ఇన్సులిన్‌ను మాకు చూపించకుండా వాడకండి. మీ మందుల దుకాణంవారు వేరే రకం ఇచ్చినా అంతే.

• చెమట, వణుకు, ఆకలి, గుండె దడ, మాట తడబడటం కనిపిస్తే షుగరు పడిపోయిందేమోనని అనుమానించండి. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర లేక గ్లూకోజు నీళ్ళలో కలిపి ఇవ్వండి. పావుగంటకు మళ్ళీ షుగరు చూడండి, తగ్గే ఉంటే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

• రంజాన్ రోజాలు ఉండేవారు, లెంట్‌లో ఉపవాసం ఉండేవారు ముందుగానే డాక్టరు గారిని కలవండి. తినే వేళ మారితే ఇన్సులిన్ మోతాదు, వేళ కూడా మార్చవలసి ఉంటుంది.

మీరు మమ్మల్ని అడగండి

డాక్టరు గారు, సిస్టర్లు హడావుడిలో ఉన్నారని మొహమాటపడకండి. ఇంటికి వెళ్ళే ముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఈ మందు ఎందుకు? ఏ విధంగా వేయాలి? ఏమి కనిపిస్తే ఆపి మీ దగ్గరికి రావాలి? తరువాత మీకు అర్థమైనది మీ మాటల్లో మాకు తిరిగి చెప్పండి. తెలుగులో, ఉర్దూలో, హిందీలో, మీకు వచ్చిన భాషలో చెప్పండి. చదువు రాదని సిగ్గుపడవలసిన పని లేదు. చదువుకున్న మేమే సగం చెప్పి పొరపడ్డాము కదా.

ఆ కోడలిని మేము క్షమించమని అడిగాము. ఆ అమ్మాయి తన వల్లే అత్తగారికి ఇలా అయిందని ఎంతో కుమిలిపోయింది. “తప్పు నీది కాదమ్మా, మేము చెప్పడంలో ఉంది” అన్నాక గాని ఏడుపు ఆపలేదు. మరుసటి నెల అత్తగారిని చూపించడానికి వచ్చినప్పుడు, అడగకుండానే సీసా, సిరంజీ రెండూ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆ వారమే చేరిన కొత్త సిస్టరు పక్కన నిలబడి ఉంది. “దీని మీద నలభై, దీని మీదా నలభై. రెండూ ఒకటైతేనే లాగాలి. లేకపోతే అడగాలి” అని ఆమెకు చూపించి చెప్పింది. మా సిస్టరు తలూపింది. “తలూపితే కాదు సిస్టర్, మీరొకసారి చెప్పండి” అంది కోడలు.

మా క్లాసులో ఇప్పుడు ఇన్సులిన్ పాఠం ఆ అమ్మాయి మాటలతోనే మొదలుపెడుతున్నాము. ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు మీరూ మీ సీసా, సిరంజీ వెంట తెచ్చుకోండి. రెండు నిమిషాలు కలిసి చూసుకుందాం.